రంగా గెలిచిన చోట్లు, ఓడిన చోట్లు

ఆచార్య ఎన్.జి. రంగా పేరెత్తితే ముందుగా వినిపించేది ఏళ్ల లెక్క. బ్రిటిష్ హయాంలోని కేంద్ర శాసనసభలో మొదలై 1991 దాకా సాగిన చట్టసభ జీవితం, యాభై ఏళ్ల పార్లమెంటేరియన్‌గా గిన్నిస్ పుస్తకంలో చోటు, 1991లో పద్మవిభూషణ్, కన్నుమూశాక వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు. వీటిలో అబద్ధమేమీ లేదు. కానీ ఈ లెక్క విన్నవారి మనసులో మెదిలే ఊహ మాత్రం తప్పు. ఒకే ప్రాంతం, ఒకే జనం, ఐదేళ్లకోసారి తమవాణ్ణి గెలిపించి ఢిల్లీకి సాగనంపుతూ వచ్చారని అనిపిస్తుంది. రంగా ఎన్నికల చరిత్ర అలా లేదు. స్వతంత్ర భారతంలో ఆయన లోక్‌సభకు ఆరుసార్లు ఎన్నికయ్యారు. ఆ ఆరు గెలుపులూ నాలుగు చోట్ల వచ్చాయి: 1957లో తెనాలి, 1962లో చిత్తూరు, 1967లో శ్రీకాకుళం, ఆ తర్వాత 1980, 1984, 1989ల్లో గుంటూరు. చిత్తూరు, శ్రీకాకుళం రెండూ ఉప ఎన్నికలే. 1952లోనూ 1977లోనూ పార్లమెంటులో అడుగుపెట్టింది రాజ్యసభ మీదుగా. 1971 నుంచి 1977 దాకా ఏ సభలోనూ లేరు. అరవై ఏళ్ల పేరు వెనుక ఇన్ని అతుకులు ఉన్నాయి. ఆయన గొప్పతనాన్ని కొలవాలంటే ఆ అతుకుల దగ్గరే ఆగి చూడాలన్నది ఈ వ్యాసం వాదన. రంగా ఏ ఊరికీ ప్రతినిధి కాదు, సేద్యానికి ప్రతినిధి. మన ఎన్నికల పద్ధతేమో ఊరిని, హద్దును పట్టుకుని కట్టింది. ఈ రెంటికీ మధ్య పొసగని తనమే ఆయన్ని కొన్నిసార్లు ఓడించింది, కొన్నిసార్లు దొడ్డిదారి అనిపించే తలుపుల గుండా లోపలికి రప్పించింది.

1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టిన రంగా గుంటూరులో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం పూర్తిచేసి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పాఠాలు చెప్పారు. పేరుకు ముందు ఆచార్య అలా వచ్చింది. జమీందారీ రైతుల పోరాటాలు, నిడుబ్రోలులో రైతు కార్యకర్తల కోసం పెట్టిన విద్యాలయం, 1936లో లక్నోలో ఏర్పడ్డ అఖిల భారత కిసాన్ సభకు ప్రధాన కార్యదర్శి పదవి, అదే ఏడాది చివర ఫైజ్‌పూర్ మహాసభకు అధ్యక్షత, ఇవన్నీ తెలిసినవే. తక్కువ మంది పట్టించుకునేది ఆయన్ని మొదట ఎన్నుకున్న ఓటర్ల జాబితా. గుంటూరు, నెల్లూరు కలిపిన స్థానం నుంచి 1930ల్లో ఆయన కేంద్ర శాసనసభకు వెళ్లినప్పుడు వయోజనులందరికీ ఓటు లేదు. భూమిశిస్తో ఆదాయపు పన్నో నిర్ణీత మొత్తానికి మించి కట్టేవారే ఓటర్లు. పల్లెటూళ్లలో దానర్థం పట్టాదారు రైతు. పాలేరుకు, కూలీకి, కౌలుదారుకు ఆ జాబితాలో చోటు లేదు. అంటే రంగా రాజకీయ జీవితం మొదలైన రోజుల్లో ఆయన నియోజకవర్గం, ఆయన పట్టుకున్న అంశం దాదాపు ఒకటే. రైతుకు మాట్లాడితే ఓటరుకు మాట్లాడినట్టే. 1952లో వయోజన ఓటు ఈ రెంటినీ విడదీసింది. డెల్టా పల్లెల్లో పట్టాదారుతో పాటు కూలీకీ ఓటు దక్కింది, ఆ కూలీని కూడగట్టే పార్టీ అప్పటికే పొలాల్లో ఉంది. తెనాలి ప్రాంతంలో రంగాకు తర్వాత ఎదురైన కష్టాలకు మూలం ఇక్కడుందని నా అంచనా.

రాజ్యాంగ సభలో మాత్రం ఆయనకు ఈ చిక్కు లేదు. అక్కడికి వెళ్లినవారిని రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకున్నాయి, హద్దుల గొడవ లేదు. ఆశయాల తీర్మానం మీద మాట్లాడుతూ, ఈ దేశంలో అసలైన అల్పసంఖ్యాకులు మతాల వారీగా లెక్కించేవారు కాదని, నోరులేని పల్లె జనమని ఆయన చేసిన వాదన ఇప్పటికీ చదవదగ్గది. సంఖ్యలో ఎక్కువైనా అధికారంలో తక్కువైనవారే అల్పసంఖ్యాకులన్న ఆ తిరగేసిన తర్కంలో ఆయన మనిషంతా కనిపిస్తాడు. 1948 నవంబరులో ముసాయిదా రాజ్యాంగం చర్చకు వచ్చినప్పుడు పంచాయతీలకు చోటివ్వలేదని అంబేడ్కర్‌తో తలపడినవారిలో రంగా ఒకరు. ఆ ఒత్తిడి ఫలితం 40వ అధికరణం. అయితే పల్లె అంటే అక్కడ ఎవరు, పెత్తనం ఎవరిది అన్న అంబేడ్కర్ ప్రశ్నకు రంగా దగ్గర గట్టి జవాబు లేదు. ఈ లోటు గురించి మళ్లీ మాట్లాడుకోవాలి.

1951లో ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిన రంగా పార్టీని వీడి, ప్రకాశం బాట నుంచి కూడా త్వరలోనే వేరుపడి, కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1952 ఎన్నికల్లో 375 స్థానాల మద్రాసు శాసనసభలో దానికి దక్కినవి 15. చిన్న సంఖ్యే. కానీ రాజ్యసభకు దామాషా పద్ధతిలో జరిగే ఎన్నికలో ఒక సభ్యుణ్ణి పంపడానికి అది సరిపోయే బలం. అలా రంగా 1952లో రాజ్యసభలో అడుగుపెట్టారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. రాజ్యసభ అనగానే అధిష్ఠానం దయ అని మనకు అలవాటైపోయింది. 1952లో రంగాకు అధిష్ఠానం లేదు. తాను కట్టిన పార్టీ, తాను తిరిగిన పల్లెల్లో గెలిపించుకున్న పదిహేను మంది, వాళ్ల ఓట్లతో ఒక సీటు. జనం దగ్గర నుంచి ఒక మెట్టు దూరంలో ఉన్నా, ఆ మెట్టు ఆయన వేసుకున్నదే. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులను నిలువరించడానికి కాంగ్రెస్, ప్రజా పార్టీ, కృషికార్ లోక్ పార్టీ ఒక్కటై 196 స్థానాల్లో 146 గెలిచాయి. అందులో రంగా పార్టీ వాటా 22. దాదాపు మూడో వంతు ఓట్లు తెచ్చుకున్న కమ్యూనిస్టులకు 15 సీట్లే మిగిలాయి. ఆ కలయిక బాటనే రంగా కాంగ్రెస్‌కు తిరిగొచ్చి 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచారు. సొంత గడ్డ మీద ఓటరు నేరుగా ఇచ్చిన తొలి పెద్ద తీర్పు అదే. అందులో ఆయన సొంత బలమెంత, ఐక్య సంఘటన మిగిల్చిన ఊపు ఎంత అని విడదీయడం కష్టం.

ఆ సీటును ఆయన కాపాడుకోదలచుకుని ఉంటే కాపాడుకోగలిగేవారే. కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీకి కార్యదర్శి, అధికార పక్షం, తొందరపడాల్సిన పని లేదు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం ఉమ్మడి సహకార సేద్యాన్ని లక్ష్యంగా తీర్మానించింది. రైతు చేతిలోంచి కమతం జారిపోవడానికి ఇది మొదటి అడుగని రంగా నమ్మారు. పదవి వదిలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి, దానికి తొలి అధ్యక్షుడయ్యారు. అదే తీర్మానాన్ని అంతే గట్టిగా ఎదిరించిన చరణ్ సింగ్ కాంగ్రెస్‌లోనే ఉండి, తన కాలం కోసం కాచుకుని, 1967లో ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి, 1979లో ప్రధాని అయ్యారు. రైతు రాజకీయానికి రెండు దారులున్నాయని ఈ ఇద్దరి జీవితాలూ చెబుతాయి. చరణ్ సింగ్‌కు మొదట ఛప్రౌలీ, తర్వాత బాగ్‌పత్ అనే స్థిరమైన గడ్డ ఉంది. రంగాకు అలాంటి గడ్డ లేదు, ఉన్న కాస్తనూ 1959లో ఆయన పణంగా పెట్టారు. 1962లో తెనాలి కమ్యూనిస్టు నాయకుడు కొల్లా వెంకయ్యకు దక్కింది. దేశమంతటా స్వతంత్ర పార్టీ 18 లోక్‌సభ స్థానాలు గెలిస్తే, ఆ పార్టీ అధ్యక్షుడు సభ బయట ఉండిపోయారు. మాడభూషి అనంతశయనం అయ్యంగార్ బిహార్ గవర్నర్‌గా వెళ్లడంతో చిత్తూరు ఖాళీ అయింది. అక్కడి ఉప ఎన్నికలో గెలిచి రంగా లోక్‌సభకు చేరారు. 1964లో పదిహేడో రాజ్యాంగ సవరణ వచ్చింది. రైత్వారీ భూములను కూడా ‘ఎస్టేటు’ నిర్వచనంలోకి తెచ్చి, వాటి మీద తెచ్చే చట్టాలకు కోర్టుల నుంచి రక్షణ ఇచ్చిన సవరణ అది. దానికి వ్యతిరేకంగా స్వతంత్ర పార్టీ చేసిన పోరుకు చిత్తూరు ఓటరు ఇచ్చిన సీటే వేదిక. ఆ సవరణతో చిత్తూరుకు ప్రత్యేకించి వచ్చేది లేదు, పోయేది లేదు. చిత్తూరు సభ్యుడు మాట్లాడింది దేశంలోని రైత్వారీ రైతులందరి గురించి.

1967లో చిత్తూరు మళ్లీ కాంగ్రెస్ వైపు మొగ్గింది. ఈసారి స్వతంత్ర పార్టీ 44 స్థానాలతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షం. అధ్యక్షుడు మళ్లీ బయటే. ఇప్పుడు ఆదుకున్నది సర్దార్ గౌతు లచ్చన్న. కల్లుగీత కార్మికుల నాయకుడిగా, వెనుకబడిన కులాల గొంతుగా ఎదిగి, కృషికార్ లోక్ పార్టీ నాటి నుంచి రంగా వెంట నడిచిన లచ్చన్న ఆ ఎన్నికల్లో సోంపేట అసెంబ్లీకి, శ్రీకాకుళం లోక్‌సభకు కూడా నెగ్గారు. అసెంబ్లీ ఉంచుకుని లోక్‌సభ వదిలేశారు. ఆ ఖాళీలో రంగా గెలిచారు. కృష్ణా డెల్టా పెద్ద రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషిని వంశధార ఒడ్డు ఓటరు ఎందుకు ఎన్నుకున్నాడు? లచ్చన్న అడిగాడు కాబట్టి, అంతే. తెలుగునాట ఒక వెనుకబడిన కులాల నాయకుడు తన బలంతో ఒక అగ్రశ్రేణి రైతు నాయకుణ్ణి పార్లమెంటుకు పంపిన ఈ సంగతికి మన రాజకీయ చరిత్రలో తగినంత చోటు దక్కలేదు. రంగా గురించి రాసేవారు దాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. నిజానికి ఆ అరవై ఏళ్ల రికార్డులో ఆ నాలుగేళ్లు లచ్చన్నవి.

1971లో శ్రీకాకుళంలో జరిగిన పోటీని నేను ఈ కథకు కీలకం అనుకుంటాను. రంగాను ఓడించింది బొడ్డేపల్లి రాజగోపాలరావు. 1952, 1957, 1962ల్లో గెలిచి, 1967లో పోగొట్టుకున్న సీటును ఆయన 1971లో తిరిగి తెచ్చుకుని, 1977లోనూ 1980లోనూ నిలబెట్టుకున్నారు. లెక్క వేసి చూడండి: రాజగోపాలరావు లోక్‌సభకు ఆరుసార్లు, రంగా ఆరుసార్లు. ఒకరివి ఒకే చోట ఆరు, మరొకరివి నాలుగు చోట్ల ఆరు. జనబలమే కొలమానమైతే రాజగోపాలరావు రికార్డు బరువైనది, అందులో అనుమానం లేదు. శ్రీకాకుళం ఓటరుకు తన మనిషి దొరికాడు. 1967లో లచ్చన్న పిలుపుకు తలొగ్గిన ఓటరు, 1971లో ఇందిర గాలి వీచగానే సొంత మనిషి దగ్గరకు వెళ్లిపోయాడు. ఆ ఎన్నికల్లో దేశమంతటా స్వతంత్ర పార్టీకి మిగిలినవి ఎనిమిది స్థానాలే. 1974 నాటికి ఆ పార్టీయే మిగల్లేదు. అయినా తెలుగునేల బయట రాజగోపాలరావు పేరు ఎంతమందికి తెలుసు? ఇది ఆయన లోపం కాదు. ఊరి ప్రతినిధి పేరు ఊళ్లో నిలుస్తుంది, అంశం ప్రతినిధి పేరు చట్టసభ పుస్తకాల్లో నిలుస్తుంది. రెండూ పార్లమెంటుకు అవసరమే. మన పద్ధతిలో మొదటివాడికి రాజమార్గం ఉంది, రెండోవాడు తలుపులు వెతుక్కోవాలి.

దీన్ని ఒప్పుకోనివారు చెప్పే మాటలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. మొదటిది: నెగ్గలేని నాయకుడు ఉప ఎన్నికల్లో, రాజ్యసభలో తలదాచుకోవడానికి అంశం పేరు పెట్టడమేమిటని. దొడ్డిదారిన వచ్చిన ప్రతివాడూ తానేదో పెద్ద పనికోసం వచ్చానంటాడు, నిజమే. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, లోపలికి వచ్చాక ఏం మాట్లాడాడన్న దాంట్లో. కేంద్ర శాసనసభలో శిస్తు, జమీందారీ, రాజ్యాంగ సభలో పంచాయతీలు, తర్వాత కమతాలు, గిట్టుబాటు ధర. సీటు మారినా, పార్టీ మారినా ఆయన తెచ్చిన సరుకు మారలేదు. కేంద్ర మంత్రి పదవి ఒక్కటి కూడా ఆయన ఖాతాలో లేదు. ఆరు దశాబ్దాల పాటు అధికారం చుట్టుపక్కల తిరిగిన మనిషికి అది దొరకలేదంటే, ఆయన ఆ తలుపులను వాడుకున్నది పదవి కోసం కాదని చెప్పడానికి అంతకన్నా మంచి రుజువు నాకు కనిపించదు.

రెండోది పార్టీ మార్పిడి. కాంగ్రెస్, కృషికార్ లోక్, మళ్లీ కాంగ్రెస్, స్వతంత్ర, మళ్లీ కాంగ్రెస్. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం రావడానికి కారణమైన ధోరణికి ఇది పెద్దల ముద్ర కాదా అనేవారు ఉన్నారు. ఇక్కడ రంగాను సగమే సమర్థించగలను. 1951లోనూ 1959లోనూ ఆయన అధికార పక్షం నుంచి ప్రతిపక్షంలోకి వెళ్లారు, నష్టపోయారు. అలాంటి ఫిరాయింపు ఈ రోజుల్లో దుర్భిణీ వేసినా కనబడదు. తిరిగి రావడాల సంగతి వేరు. 1955 నాటి రాకకు కమ్యూనిస్టు వ్యతిరేకత అనే కారణం కనిపిస్తుంది. 1970ల్లో స్వతంత్ర పార్టీ కూలాక ఆయన చేరింది భూపరిమితిని, ప్రభుత్వ పెత్తనాన్ని అంతకు ముందుకన్నా గట్టిగా నెత్తికెత్తుకున్న ఇందిర కాంగ్రెస్‌లో. అత్యవసర పరిస్థితి తర్వాత 1977లో ఆ పార్టీ తరఫునే రాజ్యసభకు వెళ్లారు. రాజాజీతో కలిసి లైసెన్సు రాజ్యాన్ని తిట్టిన నోటితో దీన్ని ఎలా సమర్థించుకున్నారో ఆయన అభిమానులు కూడా సూటిగా చెప్పరు. 1952 రాజ్యసభ సీటు సొంత పార్టీ ఓట్లతో వచ్చింది. 1977 సీటు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో కాంగ్రెస్‌కున్న సంఖ్యతో వచ్చింది. రెండూ ఒక్క గాటన కట్టేవి కావు.

చివరి మూడు గెలుపులూ గుంటూరువి. 1980లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో కాంగ్రెస్‌కు 41 వచ్చాయి, ఆ ఏడాది గెలుపు ఎవరి గొప్పా కాదు. 1989లో 39 వచ్చాయి, అదీ అంతే. 1984 వేరు. ఇందిరా గాంధీ హత్యానంతరం దేశమంతా సానుభూతి వెల్లువెత్తితే, ఆంధ్రప్రదేశ్ మాత్రం ఎన్టీఆర్ వెంట నిలిచి తెలుగుదేశానికి 30 స్థానాలిచ్చి, కాంగ్రెస్‌ను ఆరుకు దించింది. హనుమకొండలో పి.వి. నరసింహారావే ఓడిపోయారు. ఆ ఆరింటిలో గుంటూరు ఒకటి, అప్పటికి 84 ఏళ్ల రంగా విజేత. ఎన్టీఆర్ సొంత సామాజిక వర్గం, సొంత కోస్తా గడ్డ, గాలి నిండుగా ఎదురు వీస్తుంటే నిలిచారు. జీవితమంతా ఊరూరా తిరిగి సీటు వెతుక్కున్న మనిషి గాలికి ఎదురొడ్డి గెలిచిన చోటు చివరికి సొంత జిల్లాయే కావడం విశేషం. 1991లో సరిగ్గా తిరగబడింది. రాష్ట్రంలో కాంగ్రెస్ 25 స్థానాలు గెలిచిన ఎన్నికల్లో గుంటూరు తెలుగుదేశం అభ్యర్థి లాల్‌జాన్ బాషాకు పట్టం కట్టి, తొంభై ఏళ్ల రంగాను ఇంటికి పంపింది. పార్టీ గాలి ఒక వైపు, గుంటూరు ఇంకో వైపు, రెండుసార్లూ. తొంభై ఏళ్ల వయసులో మళ్లీ నిలబడటం సరైన నిర్ణయమేనా అంటే కాదనే అంటాను. టికెట్ ఇచ్చిన పార్టీది కూడా తప్పే. కానీ ఓటరు ఈ రెండు తీర్పుల్లోనూ పార్టీని కాకుండా మనిషిని చూసినట్టు కనిపిస్తుంది.

ఆయన నిష్క్రమించిన రెండేళ్లకు, 1993 డిసెంబరులో, ఎంపీ స్థానిక ప్రాంతాభివృద్ధి నిధి పథకం మొదలైంది. ఇప్పుడది ఏటా ఐదు కోట్లు. సామాజిక భవనం, సిమెంటు రోడ్డు, బోరుబావి, వాటి మీద శిలాఫలకం. ఎంపీ అంటే ఊరికి ఏం తెచ్చాడన్న ప్రశ్నకు ఆ పథకం అధికార ముద్ర వేసింది. ఈ లెక్కన చూస్తే చిత్తూరుకూ శ్రీకాకుళానికీ రంగా తెచ్చిపెట్టింది ఏమీ లేదనే రాయాలి. ఇక రెండో తలుపు రాజ్యసభ సంగతి. 2003 చట్ట సవరణతో, ఏ రాష్ట్రం నుంచి ఎన్నికవుతారో ఆ రాష్ట్ర నివాసి కావాలన్న నిబంధన పోయింది, రహస్య ఓటింగ్ పోయి బహిరంగ ఓటింగ్ వచ్చింది. సుప్రీంకోర్టు 2006లో రెంటినీ సమర్థించింది. ఊరితో ముడి తెగింది కాబట్టి అంశం ప్రతినిధులకు దారి వెడల్పయిందని అనుకోవచ్చు. జరిగింది అది కాదు. ఓటు పార్టీ ఏజెంటుకు చూపించి వేయాల్సి వచ్చాక, ఎవర్ని పంపాలో తేల్చేది పూర్తిగా అధిష్ఠానమే అయింది. 2020 సెప్టెంబరులో మూడు వ్యవసాయ చట్టాల్లో రెండింటి బిల్లులు రాజ్యసభలో మూజువాణి ఓటుతో, ఓట్ల లెక్కింపు కోరిన ప్రతిపక్షాల గొడవ మధ్య నెగ్గాయి. ఆ తర్వాత ఏడాది పాటు ఆ చర్చ ఢిల్లీ సరిహద్దు రోడ్ల మీద సాగింది, 2021 నవంబరులో చట్టాలు రద్దయ్యాయి. ఆ చట్టాల్లో మంచి ఎంత, చెడు ఎంత అన్నది వేరే వ్యాసం. రైతు అన్న ఒక్క అంశం మీద పార్టీ గీత దాటి మాట్లాడగల సభ్యులు లోపల ఉండి ఉంటే, ఆ చర్చలో కొంతైనా లోపల జరిగేది.

మూడో అభ్యంతరాన్ని చివరికి ఉంచింది అది అన్నిటికన్నా బరువైనది కాబట్టి. రంగా రైతు ఎవరు? పట్టా ఉన్నవాడు. సహకార సేద్యాన్ని, భూపరిమితిని, పదిహేడో సవరణను ఆయన ఎదిరించింది భూమి ఉన్నవాడి తరఫున. ఆ భూమిలో నాట్లేసిన కూలీకి, పంట పండించిన కౌలుదారుకు ఆ పోరులో వాటా లేదు. 1952 తర్వాతి ఓటర్ల జాబితా ఆయన అంశం కంటే పెద్దది, ఆ జాబితాకు సరిపడా తన రైతు నిర్వచనాన్ని ఆయన పెంచుకోలేదు. చిన్న కమతందారు కూడా తన రైతే అన్నది ఆయన జవాబు. అందులో కొంత నిజముంది, కానీ కౌలుదారు విషయంలో అది చెల్లదు. ఇవాళ అదే గుంటూరు, కృష్ణా డెల్టాలో సాగు భారం పెద్దఎత్తున కౌలు రైతు నెత్తిన ఉంది. 2011లో భూఅధీకృత సాగుదారుల చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండో చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమాని భయం, కార్డు లేకపోతే బ్యాంకు అప్పు, పంట నష్టం సొమ్ము అందవని సాగుదారు బాధ. ఈ ముడి విప్పాలంటే పార్లమెంటులోనూ అసెంబ్లీలోనూ మరొక రంగా కావాలని సభల్లో అంటుంటారు. రంగానే తిరిగొస్తే ఆ సంతకం పెట్టడానికి వెనకాడే యజమాని పక్కనే కూర్చుంటారని ఆయన రికార్డు చెబుతోంది.